బాగుపడే ఊళ్ళో మన చోటెక్కడ?

(మారికుప్పంలో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంత్రం బెంగళూరులో రైలెక్కి వచ్చాను. ఆ రైలు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కూర్చోవడానికి కాదు, నిలబడడానికే చోటు లేదు. ఖాళీ టిఫిన్ డబ్బాలు, నిద్రకు తూలే తలలు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరే మనుషులు. బంగారపేట దాటాక కోరమాండల్, ఊర్గాం, ఛాంపియన్ అని ఒక్కో స్టేషన్లో కొంతమంది దిగిపోతారు. చివరికి మారికుప్పం. ఆ తర్వాత పట్టాలు లేవు. చిన్నప్పుడు మేం ఆ పట్టాల చివర నిలబడి, లోకం ఇక్కడితో అయిపోయింది అనుకునేవాళ్ళం.

ఇప్పుడు ఆ పట్టాలకి ముందు దారి వేస్తున్నారు. మారికుప్పం నుంచి కుప్పం దాకా సుమారు 24 కిలోమీటర్ల కొత్త లైను. బేతమంగళం పక్కనుంచి బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ రోడ్డు వచ్చింది. పరిశ్రమల పార్కు వస్తుందంటున్నారు. సైనైడ్ దిబ్బల్లో మిగిలిన బంగారం తీయడానికి 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. 13 దిబ్బలు, వెయ్యి ఎకరాల పైచిలుకు నేల. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరూ పట్టించుకోని ఊరిని ఇప్పుడు అందరూ చూస్తున్నారు.

మంచిదే. ఊరు బాగుపడాలని కోరుకోనివాడు ఎవడు? కానీ ఈ కూడికలో నేను మీ ముందు పెట్టదలచిన ప్రశ్న ఒకటే. ఊరు బాగుపడుతుంది సరే, ఆ బాగుపడే ఊళ్ళో మన చోటెక్కడ? మన అంటే తెలుగువాళ్ళం అని కాదు, క్రైస్తవులం అని కూడా కాదు. ఈ లైన్లలో పుట్టి పెరిగినవాళ్ళం అని.

ఈ ప్రశ్నకి జవాబు వెతకాలంటే ముందు ఊరు ఎలా కట్టారో చూడాలి.

కేజీఎఫ్ కథ చెప్పేవాళ్ళు చాలామంది దొరలతో మొదలుపెడతారు. కానీ దొరలు రాసిన కాగితాలే వేరే మాట చెబుతాయి. 1802లో జాన్ వారెన్ అనే ఇంగ్లీషు సైన్యాధికారి ఈ ప్రాంతానికి సర్వే పని మీద వచ్చాడు. ఇక్కడి మట్టిలో బంగారం ఉందన్న మాట విని వెతుక్కుంటూ వచ్చి, మారికుప్పం దగ్గర ఊరి జనం పాత గుంతల్లోకి దిగి రాయి తవ్వి, దంచి, కడిగి బంగారు రజను తీయడం చూశాడు. అంటే కంపెనీ రాకముందే మన ఊరి వాళ్ళకి ఆ పని తెలుసు. కంపెనీ వాళ్ళు బంగారాన్ని కనిపెట్టలేదు, బంగారం ఉన్న నేల మీద హక్కు రాయించుకున్నారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1870లలో మైకేల్ లవెల్ అనే మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకానికి అనుమతి తీసుకున్నాడు. 1880లో లండన్‌కి చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగింది. అప్పటినుంచి గనులు లోతుకి పోతూనే ఉన్నాయి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. ఈ యంత్రాలు నడపడానికి కావేరి మీద శివనసముద్రం దగ్గర కరెంటు పుట్టించి, సుమారు 150 కిలోమీటర్ల దూరం తీగలు లాగి 1902లో ఇక్కడికి తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. దేశమంతా గొప్పగా చెప్పుకునే సంగతి ఇది. కాకపోతే ఆ కరెంటు వచ్చింది గనికోసం, మిల్లుకోసం. గనిలోకి దిగేవాడి గుడిసె కోసం కాదు.

ఊరి పటం ఒకసారి కళ్ళ ముందుకు తెచ్చుకోండి. ఎత్తైన చోట బంగ్లాలు, తోటలు, క్లబ్బు, గోల్ఫ్ ఆడే మైదానం. దాన్నే 'లిటిల్ ఇంగ్లాండ్' అన్నారు. కింద కూలీ లైన్లు. ఒకే గది, తడికె గోడ, పైన రేకు. షిఫ్టు మారితే ఒకే చాప మీద పగలు ఒకడు, రాత్రి ఒకడు పడుకున్న ఇళ్ళు. ఆ లైన్ల చివర పాకీ దొడ్లు. ఆ దొడ్లను చేత్తో ఎత్తిపోయడానికి మనుషులు. ఇది అనుకోకుండా అలా కుదిరింది కాదు. ఊరు కట్టేటప్పుడే ఎవరు ఎక్కడ ఉండాలో, ఎవరి మలం ఎవరు ఎత్తాలో గీసి మరీ కట్టారు. మన పల్లెల్లో ఊరు, వెలివాడ ఉన్నట్టే ఇంజనీర్లు గీసిన పటంలోనూ ఊరు, వెలివాడ ఉన్నాయి. దొర జాతిభేదం తెచ్చాడు, మనం కులం తెచ్చాం. రెండూ కలిసి ఈ పట్టణం అయింది.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మా తాత చిత్తూరు వైపు నుంచి వచ్చాడు. గనిలో పని. నేను పుట్టి పెరిగింది లైన్లలోనే. మాతోపాటు గుడికి వచ్చే ఒకామె ఉండేది. తెలుగే, మా సంఘమే. గుళ్ళో ఆమెని 'వందనాలత్తా' అని పలకరించేవాణ్ణి. ఆమె పాకీ పని చేసేది. వారం రోజుల్లో ఎప్పుడైనా మా ఇంటి వెనక్కి వచ్చి దాహమడిగితే మా అవ్వ చెంబు ఇచ్చేది కాదు. పైనుంచి నీళ్ళు వంచేది, ఆమె దోసిలి పట్టి తాగేది. ఆదివారం ఒకే రొట్టె, సోమవారం వేరే చెంబు. మేమూ వెలివాడ నుంచి వచ్చినవాళ్ళమే. అయినా మాకంటే కింద ఒకరిని పెట్టుకుంటే తప్ప మాకు నిద్ర పట్టలేదు. మా అవ్వ చెడ్డమనిషి కాదు. ఆ పని ఎందుకుందని అడగాలన్న ఊహే మాకెవరికీ రాలేదు, అంతే.

అలా అడిగినవాడు మన ఊళ్ళోనే పుట్టాడు. బెజవాడ విల్సన్. 1966లో ఇక్కడే, తెలుగు మాట్లాడే దళిత క్రైస్తవ కుటుంబంలో. ఆయన నాన్న 1935లోనే ఈ టౌన్‌షిప్పులో సఫాయి పనిలో చేరాడు. అన్న కూడా ఆ పనే చేశాడు. మనవాళ్ళు చేసే పని ఏమిటో పిల్లవాడికి తెలియకుండా చాలాకాలం ఇంట్లోవాళ్ళు దాచారు. తెలిశాక ఆయన ఆ ఇల్లు వదిలి పారిపోలేదు. ఆ దొడ్ల దగ్గరికే వెళ్ళి నిలబడ్డాడు. యాజమాన్యానికి ఉత్తరాలు రాశాడు. ఫోటోలు తీశాడు. పత్రికల దాకా తీసుకెళ్ళాడు. పాకీ దొడ్లు ఉన్నాయని ఒప్పుకోవడమే ఇష్టం లేని వాళ్ళకి ఆ ఫోటోలు తప్పించుకోలేని సాక్ష్యం అయ్యాయి. ఆ తర్వాత ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ లాంటివారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలుపెట్టాడు. దేశమంతా తిరిగాడు. ఆ సంస్థ వేసిన కేసులోనే 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి కార్మికుడి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023లో ఇంకో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. 2016లో విల్సన్‌కి రామన్ మెగసెసె అవార్డు వచ్చింది.

బెంగళూరులో ఎవరైనా మీ ఊరేదని అడిగితే ఇన్నాళ్ళూ మనం 'కోలారు దగ్గర' అని నసిగేవాళ్ళం. 2018లో సినిమా వచ్చాక 'కేజీఎఫ్' అని ఛాతీ విరుచుకుని చెబుతున్నాం. నాకు సినిమా మీద కోపం లేదు. కానీ ఆ కథ కల్పితం. అందులో మన ఊరు నల్ల దుమ్ములో ముఖాలు లేని బానిసల గుంపు. ఎవడో ఒక వీరుడు బయటినుంచి వచ్చి వాళ్ళని విడిపించాలి. మన అసలు చరిత్ర అలా లేదు తమ్ముళ్ళూ. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకుంటామని కంపెనీ అంటే, మేం నేరస్తులమా అని ఎదురుతిరిగి సమ్మె చేసినవాళ్ళు మన తాతలు. 1946లో మళ్ళీ పెద్ద సమ్మె. పోలీసు కాల్పుల్లో కార్మికుల ప్రాణాలు పోయాయి. అంతకుముందే, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలోనే, అయోతీ దాస పండితుల బౌద్ధ సంఘానికి మారికుప్పంలో శాఖ ఉండేది. గని కూలీలు పగలు రాయి పగలగొట్టి, రాత్రి పత్రిక చదివి, కులం ఎక్కణ్ణుంచి వచ్చిందని వాదించుకున్న ఊరు ఇది. వాళ్ళు తమిళులు, బౌద్ధులు. మనం తెలుగు క్రైస్తవులం. అయినా ఆ చరిత్ర మనది కూడా. ఒకే గనిలోకి ఒకే పంజరంలో దిగారు గనక.

మన గుర్తింపు ఏమిటని అడిగితే నేను చెప్పేది ఇదే. మనం మాట్లాడే తెలుగులో సగం తమిళం, పావు కన్నడం కలిసి ఉంటుంది. కుప్పంలో చుట్టాలు మనల్ని చూసి అరవోళ్ళంటారు, ఇక్కడ అరవవాళ్ళు మనల్ని తెలుగోళ్ళంటారు, బెంగళూరులో కన్నడం సరిగ్గా రాదంటారు. నాకు దీంట్లో లోటేమీ కనబడదు. ఈ ఊరి భాషే అది. గని మనకిచ్చిన భాష. దాన్ని శుద్ధి చేయాల్సిన పని లేదు. కాపాడుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మనిషి మరో మనిషి ముందు తల వంచకూడదని ఈ నేల మీద పుట్టిన పట్టుదల. అది పోతే తెలుగు ఎంత చక్కగా మాట్లాడినా మనం మనం కాము.

2001 ఫిబ్రవరి 28. ఆ తేదీ ఇక్కడి పెద్దలకి చావు తేదీలా గుర్తుంటుంది. నూట ఇరవై ఏళ్ళు నడిచిన గని మూతపడింది. ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం బయటికి వెళ్ళింది. మిగిలింది మూడు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి, చేతిలో పట్టా లేని ఇల్లు, కిటికీ బయట దిబ్బ. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, బంగారం ఖర్చుకి సరిపోవడం లేదనగానే ఊరినే వదిలేశారు.

ఆ దిబ్బలు బయటివాళ్ళకి అందంగా కనిపిస్తాయి. దూరపు కొండలు నునుపు అంటారు కదా. పాటలు తీసుకోవడానికి వస్తారు, ఫోటోలు దిగుతారు. మనకి తెలుసు అవేమిటో. రాయిని పొడి చేసి, సైనైడ్ నీళ్ళలో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక పారబోసిన పిప్పి. మూడు కోట్ల టన్నులకు పైగా పిప్పి. గాలి కాలంలో అది మన అన్నంలోకి వస్తుంది, ఆరేసిన బట్టల మీదికి వస్తుంది, పసిపిల్లల ముక్కుల్లోకి వస్తుంది.

ఇప్పుడు ఈ ఊరిని బాగుచేస్తామని వచ్చేవాళ్ళ చేతుల్లో మూడు బొమ్మలు ఉన్నాయి. మొదటిది లిటిల్ ఇంగ్లాండ్ బొమ్మ. బంగ్లాలు, క్లబ్బు, పాత రాతి గుళ్ళు బాగుచేసి పర్యాటకులకి చూపించడం. రెండోది సినిమా బొమ్మ. దిబ్బ మీద ఫోటో, పక్కన టీ కొట్టు. మూడోది ఖాళీ నేల బొమ్మ. పటంలో వేల ఎకరాలు ఖాళీ అని రాసి, పరిశ్రమకో ఇళ్ళ ప్లాట్లకో ఇవ్వడం.

ఈ మూడు బొమ్మల్లోనూ ఒక్కటి లోపించింది. అందులో మనుషులు లేరు. బంగ్లా వారసత్వ కట్టడమైతే, లైను ఇల్లు ఏమవుతుంది? ఆక్రమణ అవుతుంది. క్లబ్బులో ఉన్న కుర్చీ చరిత్ర అవుతుంది, పాకీ పని చేసినామె బకెట్టు చరిత్ర కాదు. నేల ఖాళీ అని రాసిన కాగితంలో మూడు తరాలుగా ఆ నేల మీద కాపురం చేస్తున్న ఇల్లు కనబడదు. వారెన్ కాలంలో జరిగిందే మళ్ళీ జరిగే ప్రమాదం ఉంది. పని తెలిసినవాడు ఒకడు, హక్కు రాయించుకునేవాడు మరొకడు.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ కూడా బంగారు గనుల మీద పుట్టిన పట్టణమే. అక్కడ సోఫియాటౌన్ అని ఒక పేట ఉండేది. నల్లవాళ్ళు సొంత నేల కొనుక్కుని బతికిన పేట. అన్ని జాతులూ కలిసి ఉన్న పేట. 1955లో మురికివాడని తొలగిస్తున్నామంటూ ప్రభుత్వం జనాన్ని లారీలెక్కించి దూరంగా దింపింది. ఇళ్ళు కూలగొట్టి, తెల్లవాళ్ళ కోసం కొత్త పేట కట్టి దానికి 'ట్రయోంఫ్' అని పేరు పెట్టింది. ఆ మాటకి విజయం అని అర్థం. ఎవరి మీద విజయం? అక్కడ సేవ చేసిన ట్రెవర్ హడిల్‌స్టన్ అనే పాదిరి ఆ తొలగింపుకి ఎదురు నిలబడ్డాడు. ఆయన సేవ చేసిన క్రైస్ట్ ద కింగ్ గుడి మాత్రం కూలకుండా మిగిలింది. చుట్టూ సంఘం లేదు, గుడి ఉంది. 2006లో పాత పేరు తిరిగి పెట్టారు. పేరు తిరిగి రావడానికి యాభై ఏళ్ళు పట్టింది. వెళ్ళగొట్టిన కాపురాలు తిరిగి రాలేదు.

మనవాళ్ళ సంగతే చూడండి. బొంబాయిలో కామాఠిపుర పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? నిజాం రాజ్యం నుంచి వెళ్ళి ఆ నగరాన్ని కట్టిన తెలుగు కూలీలు కామాఠీలు. వాళ్ళ పేరే ఆ పేట పేరు. ఇప్పుడు ఆ పేటని పడగొట్టి కొత్తగా కట్టే పని మొదలవుతోంది. అక్కడే తెలుగు పద్మశాలీలు తరాల తరబడి బట్టల మిల్లుల్లో పనిచేశారు. 1982 సమ్మె తర్వాత మిల్లులు మూతపడ్డాయి, మిల్లు నేలల్లో మాల్‌లు, ఆకాశాన్నంటే మేడలు లేచాయి. మిల్లు పొగగొట్టం మాత్రం కొన్నిచోట్ల అలంకారానికి ఉంచారు. మన ఊర్గాం, ఛాంపియన్ షాఫ్టుల ఇనుప గోపురాలు రేపు అలా అలంకారంగా మిగలకూడదు.

అయితే ఏం చేయాలి? పాతదంతా అలాగే ఉండాలని నేను అనడం లేదు. రేకు ఇంట్లో వాన కారుతుంటే ఇది మా సంస్కృతి అని కూర్చోలేం. పాకీ దొడ్డి పోవాలి, పోయింది, దేవునికి స్తోత్రం. దిబ్బ కూడా పోవాలి. రైలు కుప్పం దాకా పోవాలి. ఇక్కడే పని దొరికితే మన పిల్లలు తెల్లవారుజామున నాలుగింటికి లేవక్కర్లేదు. మార్పు రావాలి. అది ఎవరితో మొదలవుతుంది, ఎవరిని అడిగి చేస్తారు అన్నదే అసలు మాట.

నెహెమ్యా గ్రంథం మీ అందరికీ తెలుసు. కూలిపోయిన ఊరిని తిరిగి కట్టిన కథ గనక ఇలాంటి సందర్భాల్లో అందరూ దాన్నే తీస్తారు. సాధారణంగా మనం గోడ కట్టడం దగ్గర ఆగిపోతాం. రెండు సంగతులు వదిలేస్తాం. మూడో అధ్యాయం అంతా పేర్లే. ఏ మనిషి, ఏ కుటుంబం, గోడలో ఏ ముక్క కట్టారో వరసగా రాసిపెట్టారు. చదవడానికి విసుగ్గా ఉంటుంది. కానీ కట్టినవాడి పేరు రాయడం దేవుని పని అని ఆ అధ్యాయం చెబుతోంది. ఐదో అధ్యాయం ఇంకా ముఖ్యం. గోడ సగంలో ఉండగానే పేదలు ఏడ్చుకుంటూ వచ్చారు. మా పొలాలు, ఇళ్ళు తాకట్టులో ఉన్నాయి, మా పిల్లలు దాస్యంలోకి పోతున్నారు అని. గోడ అయ్యాక చూద్దాం అనలేదు నెహెమ్యా. పెద్దల్ని పిలిచి కోపపడి, పొలాలు, ఇళ్ళు తిరిగి ఇప్పించాడు. ఆ మాట తేలాకే గోడ పూర్తయింది. గోడ కంటే ముందు ఇల్లు. ఏ పునర్నిర్మాణానికైనా కొలత ఇదే.

మరి మనం చేయగలిగింది ఏమిటి? నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, కాగితాలు. యిర్మీయా చెరసాలలో ఉండి, పట్టణం శత్రువుల చేతిలో పడబోతుండగా పొలం కొన్నాడు. ఆ పత్రాన్ని చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టించాడు. మీ ఇంట్లో తాతగారి సర్వీసు పుస్తకం ఉందా? జీతం చీటీ ఉందా? ఇంటి కేటాయింపు కాగితం, కరెంటు బిల్లు, ఆసుపత్రి చీటీ? అన్నీ ఒకచోట పెట్టండి. కాపీలు తీయండి. చదువుకున్న పిల్లలు లైను లైనుకీ ఇద్దరు చొప్పున కూర్చుని పెద్దవాళ్ళకి ఈ పని చేసిపెట్టండి. ఇళ్ళ పట్టాల కోసం పెద్దలు ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు. వాళ్ళ చేతిలో కాగితం బలం ఉండాలి.

రెండు, ప్రశ్నలు. దిబ్బలు కదిలిస్తే లేచే దుమ్ముకి ఏం జాగ్రత్త తీసుకుంటారు? నీళ్ళ సంగతేమిటి? పని ఎవరికిస్తారు? మిగిలిన నేల ఎవరికి పోతుంది? ఇలాంటి పెద్ద పనులకి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు జనం మాట వినే బహిరంగ విచారణ అనేది చట్టంలో ఉంది. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. ఆ విచారణకి ఎవరో నాయకుడు వెళ్ళి మన తరఫున తలూపకూడదు. దుమ్ము పీల్చే తల్లులు వెళ్ళి మాట్లాడాలి. తమిళ సంఘాలతో, ముస్లిం సోదరులతో, అంబేడ్కర్ సంఘాలతో కలిసి వెళ్ళండి. తెలుగు క్రైస్తవులుగా ఒక మూల విడిగా నిలబడితే మన గొంతు వినబడదు.

మూడు, జ్ఞాపకం. చేతిలో ఫోన్ ఉంది కదా. గనిలో పనిచేసిన తాతలు, ఒడ్డు మీద పనిచేసిన అవ్వలు ఇంకా కొందరు ఉన్నారు. పాకీ పని చేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ మాటల్లోనే రికార్డు చేయండి. సినిమా చెప్పినట్టు కాదు, వాళ్ళు చెప్పినట్టు. రేపు ఇక్కడ మ్యూజియం కడితే అందులో దొర టోపీతో పాటు గని కూలీ దీపం ఉండాలి. ఆమె బకెట్టు కూడా ఉండాలి. ఆ బకెట్టు అక్కడ ఎందుకుందో రాసి ఉండాలి. అది సిగ్గుపడాల్సిన వస్తువే. కానీ ఆ సిగ్గు ఆమెది కాదు, మనది.

నాలుగు, మన ఇల్లు. ఊరిని అడిగేముందు సంఘాన్ని అడగాలి. మన గుళ్ళు బాగుచేసుకుంటాం, కొత్త కమాను కడతాం, టైల్స్ వేయిస్తాం. ఆ గుడి మరుగుదొడ్డి ఎవరు కడుగుతున్నారు? ఇంకా అదే కుటుంబమా? వాళ్ళ పిల్లకి మన పిల్లవాణ్ణి ఇచ్చి పెళ్ళి చేస్తామా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డ్ కులాల జాబితాలోకి రానివ్వదు. అందుకే మనలో ఎంతోమందికి కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతం. ప్రభుత్వం మన కులాన్ని ఒప్పుకోవడం లేదని మనం బాధపడతాం. న్యాయమైన బాధే. అదే నోటితో సంఘంలో కులం లేదని అంటే ఎలా? మా అవ్వ చెంబు సంగతి నేను ఇవాళ చెప్పింది అందుకే. ఆ అత్త ఇప్పుడు లేదు. క్షమాపణ చెప్పుకోవడానికి ఆమె సమాధి దగ్గరికి తప్ప వెళ్ళడానికి చోటు లేదు. మీకు ఇంకా మనుషులు బతికి ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

యోబు గ్రంథం ఇరవై ఎనిమిదో అధ్యాయం ఇంటికి వెళ్ళి చదవండి. గని కూలీల గురించి బైబిల్లో అంత దగ్గరగా రాసిన చోటు ఇంకొకటి నాకు తెలియదు. మనుషులు తిరగని లోతుల్లో తాళ్ళకి వేలాడుతూ, చీకట్లో రాయిని వెతికే మనుషులు కనిపిస్తారు అందులో. మా తాతని చూసి రాసినట్టే ఉంటుంది. బంగారం దొరికే చోటు మనిషికి తెలుసు, జ్ఞానం దొరికే చోటే తెలియదు అంటాడు యోబు. నూట ఇరవై ఏళ్ళు తవ్వి ఎనిమిది వందల టన్నుల బంగారం తీశారు. కిందికి దిగినవాడికి ఒక ఇంటి పట్టా ఇవ్వాలన్న జ్ఞానం మాత్రం ఏ షాఫ్టులోనూ దొరకలేదు. అది ఇప్పుడు మనం తవ్వి తీయాలి.

కుప్పం లైను పూర్తయిన రోజున మారికుప్పం ఆఖరి స్టేషన్ కాకుండా పోతుంది. ఆ రోజు రైలు ఇక్కడ ఆగినప్పుడు దిగడానికి మన పిల్లలకి ఇక్కడ ఇల్లు ఉండాలి, ఎక్కడికీ వెళ్ళకుండానే పని ఉండాలి. కిటికీలోంచి చూసే మనిషికి దిబ్బ కాదు, ఊరు కనబడాలి. దేవుడు మనకి ఆ పనికి కావలసిన ధైర్యం ఇచ్చును గాక.